ఎయిర్‌పోర్టుకు ఎవరొస్తరు?

ఆంజిని చంపింది మీరే.

మూడో అంతస్తు పరంజా కాదు. కాలు జారడం కాదు. "సేఫ్టీ బెల్ట్ పెట్టుకోలేదు" అని మీరు రాయించిన రిపోర్టు అసలే కాదు. ఒమన్‌లోని బహ్లాలో సిమెంటు దిమ్మెల మధ్య తలకిందులుగా పడి చచ్చిన ఆ జగిత్యాల మనిషిని చంపింది, దిగిన రోజే పాస్‌పోర్టులు గుంజుకుని డ్రాయర్లో పెట్టి తాళం వేసే మేనేజరు. ఆ తాళం సంగతి తెలిసీ మనుషుల్ని విమానం ఎక్కించిన ఏజెంటు. ఫిర్యాదు పట్టుకుని వచ్చినవాణ్ణి "రేపు రా" అన్న ప్రతి కుర్చీ. పేర్లు చదవాలా? అక్కర్లేదు. మీరెవరో మీకు తెలుసు.

పాస్‌పోర్టు ఎవరిది వాళ్ళ దగ్గరే ఉండాలని రూలుంది. రూలు గోడ మీద ఉంది, పాస్‌పోర్టు డ్రాయర్లో ఉంది. ఒక్క డ్రాయర్లో వంద పాస్‌పోర్టులుంటే అది డ్రాయర్ కాదు, దుకాణం. దుకాణం తెరిస్తే కొనేవాడు వస్తాడు. వచ్చాడు. ఇక వినండి.

ఆంజి శవం మార్చురీలో కాగితాల కోసం ఎదురుచూస్తుండగా, మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో బ్యాంకుల వెనక వీధిలో ఉన్న ఒక పళ్ళ క్లినిక్‌లోకి సిమెంటు చేతుల మేస్త్రి ఒకడు వచ్చాడు.

"పన్ను ఊగుతున్నది డాక్టరమ్మా."

"ఎప్పుడు? తినేటప్పుడా?"

"నవ్వేటప్పుడు."

"అయితే తీసేయాల్సిందే. కుర్చీలో కూర్చో."

కోడ్ సరిపోయింది. మేస్త్రి పేరు రఘుపతి. కంపెనీ కాగితాల్లో ప్లాస్టరింగ్ పని. అసలు ఉద్యోగం ఢిల్లీలో బోర్డు లేని ఒక సెక్షన్‌కు సీక్రెట్ ఏజెంట్. కోడ్ నేమ్ 'తాపీ'. డాక్టర్ సాజిదా హైదరాబాద్ ఆడమనిషి, ఒమన్‌లో ఆ సెక్షన్‌కు చీఫ్. కోడ్ నేమ్ 'పట్టకారు'. డ్రిల్లింగ్ మిషన్ మోతలో ఏ మైకూ మాటలు పట్టలేదు కాబట్టి ఆమె బ్రీఫింగులన్నీ పేషెంటు నోట్లో దూది కుక్కాకే జరుగుతాయి. ఎదురు ప్రశ్నలూ ఉండవు. అది అదనపు లాభం.

"ముఠా పేరు కోరల్. డబ్బు మూడు దేశాలది, జెండా ఏ దేశానిదీ కాదు. సముద్రం అడుగున పోయే కేబుళ్ళకి దొంగ చెవులు తగిలించి మన నేవీ మాటలు వింటున్నారు. వాళ్ళ ఇంజనీరు ఒకడు తిరగబడ్డాడు. గురువారం మస్కట్ నుంచి లండన్ ఫ్లైట్‌లో పోతున్నాడు, సాక్ష్యం చెప్పడానికి. ఆ ఫ్లైట్ లండన్‌లో దిగొద్దని కోరల్ డిసైడ్ చేసింది. అరె, కదలకు మియా!"

"ఊఁ."

"లగేజీలో బాంబు. స్కానర్‌కి దొరకని రకం. మోసేవాడు కావాలి. చచ్చాక ఎవరూ అడగనివాడు కావాలి. నీ కంపెనీలో వీసాల పని చూసే పీఆర్వో వజీర్ ఉన్నాడు కదా, కోరల్ మనిషి వాడే. డ్రాయర్ తాళాలు వాడి నడుముకే ఉన్నాయి. 'లక్కీ డ్రా' అని పెట్టాడు. కరీబియన్‌లో సెయింట్ బ్రిజిత అని దీవి. అక్కడ వారం రోజుల హాలిడే, లండన్ మీదుగా. మొదట ఆంజికి తగిలింది. వాడేదో ప్రశ్న అడిగాడట. తర్వాత పోనన్నాడు. పరంజా మీంచి పడ్డాడు. ఇప్పుడు అదే డ్రా నీ రూమ్మేట్ పెద్దులుకు తగిలింది."

రఘుపతి దూది పీకి పారేశాడు. "ఇవ్వాళే పెద్దులును తప్పిద్దాం."

"తప్పిస్తే ఇంకొకణ్ణి పట్టుకొస్తారు. వజీర్ బాంబుతో సహా దొరకాలి. నువ్వు ఎయిర్‌పోర్ట్ లోడర్ వేషంలో కింద ఉంటావు. బ్యాగ్ బెల్టు మీద దిగగానే పట్టుకుంటావు. విమానం దాకా పోనే పోదు."

"పోతే?"

"నోరు తెరువు," అంది సాజిదా.

ఎరగా ఎప్పుడూ వానపామునే గుచ్చుతారు. గుచ్చే చెయ్యి మనదైనా ముఠాదైనా వానపాముకు తేడా తెలియదు.

ఆమె అతని కింది దవడకు కొత్త పన్ను బిగించింది. లోపల ట్రాన్స్‌మీటర్. మాట పోతుంది, మాట వస్తుంది. "గట్టివేవీ కొరకకు. సర్కారు సొమ్ము."

మర్నాడు మస్కట్ దగ్గరి సీబ్‌లో ఒక విల్లా. కాంపౌండ్ గోడకు ప్లాస్టరింగ్ పని పడిందని రఘుపతిని అక్కడికి పంపించారు. పంపించేలా సాజిదా చూసింది. గోడ ఇవతల తాపీ ఆడుతోంది, అవతల వరండాలో క్లాసు నడుస్తోంది.

టీచర్ పేరు హుమా. ట్రావెల్ వీడియోల హుమా. పట్టు స్కార్ఫ్, నెత్తి మీద నల్ల కళ్ళద్దాలు, ప్రపంచమంతా తన పెరడే అన్నట్టు నవ్వు. ఆమె ముందు ప్లాస్టిక్ కుర్చీ అంచున పెద్దులు. సైట్‌లో ఇనుప చువ్వలు కట్టే పని అతనిది. నలభై దాటినవాడు. గుమ్మంలో ఇస్త్రీ చొక్కా, అత్తరు వాసన, నడుముకు తాళాల గుత్తి. వజీర్.

మస్కట్ కౌంటర్లో ఆఫీసరు అడుగుతాడు: లేబర్ వీసా మీద ఉన్నవాడివి, ఆ దీవికి ఎందుకు పోతున్నావు? టూరిస్టులా జవాబివ్వాలి. అందుకీ పాఠాలు.

"బస్సెక్కినా, దుకాణంలోకి పోయినా ముందు గుడ్ మార్నింగ్ చెప్పాలి. చెప్పకుండా ధర అడిగితే అక్కడివాళ్ళు బద్‌తమీజ్ అనుకుంటారు."

"మా ఊర్లె గూడ గంతే మేడమ్. మందలిచ్చినంకనే పని."

"బీచ్‌లో చిన్న పచ్చని ఆపిల్ లాంటి కాయల చెట్టు ఉంటుంది. మాంచినీల్ అంటారు. కాయ కొరికితే గొంతు కాలుతుంది. వాన పడితే దాని కింద నిలబడొద్దు. ఆకుల మీంచి నీళ్ళు కారితే ఒళ్ళంతా బొబ్బలే."

"నీడకు పోతే బొబ్బలా? మా కంపెనీ లెక్కనే ఉన్నదిగా చెట్టు."

గోడ ఇవతల రఘుపతి పెదవి కొరుక్కున్నాడు. పన్ను జాగ్రత్త.

"మిలిటరీ డిజైన్ బట్టలు వేసుకోవద్దు. అక్కడ నేరం. పోలీసులు గుంజుకుంటారు."

"అరే! నిజ్వా సూక్‌ల మొన్ననే మిల్ట్రీ ప్యాంటు కొన్న మేడమ్, గీ దీవి కోసమే. ఇగ రూంల ఎవనికన్న ఇచ్చుడే."

"అట్లాంటిక్ వైపు ఈదొద్దు, అలలు లాగేస్తాయి. ఇటు కరీబియన్ వైపే ఈదాలి."

"నేను బావిల గూడ ఈదలే మేడమ్. ఒడ్డుకు కూసుంట."

"శుక్రవారం సాయంత్రం వీధిలో చేపలు వేయించి అమ్ముతారు. అందరూ వస్తారు, పాటలు పెడతారు. తప్పకుండా పో. వేళ్ళతోనే తినొచ్చు."

"గది మంచి ముచ్చట." పెద్దులు తల గోక్కున్నాడు. "మేడమ్, ఒక్క మాట. ఎయిర్‌పోర్టుకు ఎవరొస్తరు?"

హుమా నవ్వు అలాగే ఉంది, కళ్ళలోంచి మాత్రం దిగిపోయింది. "ఏంటి?"

"దీవిల దిగినంక. మా పేరు రాసిన అట్ట వట్టుకొని ఎవరన్న ఉంటరు గద? ఎవరాయన? ఫోన్ నంబర్ ఉన్నదా?"

గల్ఫ్‌కు వచ్చిన ఏ మనిషైనా అడిగే మొదటి ప్రశ్న అది. జీతం తర్వాత, రూమ్ తర్వాత. బయట ఎవరూ రాక, ఎయిర్‌పోర్ట్ గోడకు ఆనుకుని రెండు పగళ్ళు గడిపినవాడు జన్మలో మర్చిపోడు. హుమా దగ్గర దీవిలో చెట్ల పేర్లున్నాయి, చేపల పేర్లున్నాయి. రిసీవ్ చేసుకునే మనిషి పేరు లేదు. దిగనివాడికి ఎదురొచ్చే మనిషెందుకు?

"ఆంజి కూడా ఇదే అడిగాడు," అన్నాడు వజీర్ గుమ్మంలోంచి, మెల్లగా. "ఫోకట్ హాలిడే ఇస్తుంటే ఇన్ని సవాల్‌జవాబులు ఎందుకు మీ వాళ్ళకు?"

"పోత సార్, పోత," అన్నాడు పెద్దులు. పోనంటే పాస్‌పోర్టు డ్రాయర్లోనే ఉంటుంది. పోతానంటేనే చేతికొస్తుంది. ఆరేళ్ళ తర్వాత ఆ అట్టను ఒక్కసారి ముట్టుకోవాలని అతని ఆశ. అంతకుమించి సెయింట్ బ్రిజిత మీద అతనికే మోజూ లేదు.

వజీర్ ఫోన్ మాట్లాడుకుంటూ లోపలికి పోయాక హుమా గోడ దగ్గరకు వచ్చింది. "మేస్త్రీ, ఈ గోడ ఊగుతోంది."

రఘుపతి చెయ్యి ఆగింది. "ఎప్పుడమ్మా?"

"నవ్వినప్పుడు."

"నువ్వు కూడా మా మనిషివేనా?"

"సాజిదాకు కబుర్లు ఇస్తాను. వజీర్‌కూ ఇస్తాను. నీ సంగతి మాత్రం వజీర్‌కు చెప్పలేదు."

"దయనా?"

"దయ కాదు. నా పాస్‌పోర్టు కూడా అదే డ్రాయర్లో ఉంది." ఆమె నల్ల కళ్ళద్దాలు కిందికి దించుకుంది. "వీడియోల్లో సగం ప్రపంచం తిరిగాను. రెండేళ్ళుగా ఒమన్ దాటలేదు. నా వెనక కనిపించే సముద్రాలన్నీ పచ్చ గుడ్డ మీద వేసిన బొమ్మలు. విను. గురువారం పొద్దున వజీర్ అతనికి నీలం ట్రాలీ బ్యాగ్ ఇస్తాడు. అప్పటికే టైమర్ నడుస్తుంటుంది. పైకి లాగే హ్యాండిల్ ఉంటుంది చూడు, దాన్ని పూర్తిగా లాగితే లోపల కరెంటు తెగిపోయి బాంబు పేలదు. అందుకే 'హ్యాండిల్ లాగకు, విరుగుతుంది' అని చెప్పి మరీ ఇస్తాడు."

"ఆంజికి నువ్వే పాఠం చెప్పినవా?"

ఆమె తడి ప్లాస్టరింగ్ మీద వేలితో గీత గీసి వెళ్ళిపోయింది. రఘుపతి ఆ గీతను పూడ్చలేదు.

గురువారం. ఎయిర్‌పోర్ట్ కింది అంతస్తు, లగేజీ విడదీసే హాలు. పసుపు జాకెట్, చెవులకు మోత తగలకుండా మూతలు. రఘుపతి తెల్లారకముందే వేషం మార్చి అక్కడ దిగాడు. బహ్లా రూమ్‌లో పెద్దులు బ్యాగ్ సర్దుకోవడం అతను చూడలేదు. ఆ ఒక్కటి చూసి ఉంటే ఈ కథ సగంలోనే ముగిసేది.

పైన బోర్డింగ్ గేటు దగ్గర సాజిదా ప్యాసింజర్ వేషంలో కూర్చుంది. వజీర్ డిపార్చర్స్ కాఫీ షాపులో ఉన్నాడు, పెద్దులు లగేజీ ఇచ్చేసి లోపలికి పోయేదాకా చూసి నిర్ధారణ చేసుకోవడానికి. ఇద్దరు మఫ్టీ పోలీసులు వాడి వెనక టేబుల్ దగ్గర ఉన్నారు.

లండన్ లగేజీ బెల్టు మీద దిగసాగింది. సూట్‌కేసులు, గోల్ఫ్ కిట్టు, పిల్లల బండి. రఘుపతి నీలం రంగు కోసం చూస్తున్నాడు.

నీలం రాలేదు. ఒక అట్టపెట్టె వచ్చింది. నలుపక్కలా నైలాన్ తాడు, తాడు మీద టేపు. మార్కర్‌తో నాలుగు వైపులా పెద్ద అక్షరాలు: పెద్దులు, ఊరు, మండలం, జగిత్యాల జిల్లా, ఇండియా. కరీబియన్ దీవికి పోతూ కూడా.

రఘుపతి అరిచాడు. "పట్టకారు! నీలం బ్యాగ్ రాలేదు. పెద్దులు డబ్బ కట్టుకొచ్చిండు. బ్యాగ్ ఏదో అడగండి, ఇప్పుడే!"

పంటిలో గరగర. తర్వాత సాజిదా గొంతు, ఎవరితోనో. "తమ్మీ, పెద్దులూ! నీకిచ్చిన నీలం బ్యాగ్ ఏది?"

"మీరెవరమ్మా?"

"రఘుపతి తెలుసు కదా? అక్కనవుతా. బ్యాగ్ ఏది నాయనా?"

"గదా అక్కా? ఖాళీ బ్యాగే మస్తు బరువున్నది. గంత బరువు దానికే పోతె ఇగ సామాన్లు ఏం పెడతం? నా బట్టలకు డబ్బ సాలు. పాపం ఆంజిగాని సామాన్లు రూంల పడి ఉన్నయ్. గా మంచి బ్యాగుల పెట్టి మన కడప అజహర్ బాయికి ఇచ్చిన. హైద్రాబాద్ ఫ్లైట్‌ల పోతుండు. పొద్దుగాల ఒక్క బండిల్నే అచ్చినం. వాళ్ళవ్వ కనకవ్వకు ముట్టాలె గద!"



ఇదీ సంగతి. మూడు దేశాల మేధావులు కూర్చుని గీసిన ప్లాన్‌లో ఈ ఒక్క గీత లేదు. గల్ఫ్ మనిషికి బ్యాగ్ ఇస్తే ముందు చేత్తో ఎత్తి తూకం చూస్తాడు. కంపెనీ డబ్బాలన్నీ విప్పి పారేసి తాడుతో తన కట్టు తాను కట్టుకుంటాడు. ఇంటికి పోయేవాడు ఒక్కడే పోడు, పదిమంది పార్సెళ్ళు మోసుకుపోతాడు. చచ్చినవాడి పార్సెల్ అయితే అసలు కాదనడు. ఏళ్ళ తరబడి ఈ మనుషుల్ని ఏలిన వజీర్, వాళ్ళు మూట ఎలా కడతారో ఒక్కసారి చూడలేదు. మేనేజర్ల తప్పు కదూ? కాదు, అలవాటు.

"తాపీ, ఆగు," అంది సాజిదా. "హైదరాబాద్ ఫ్లైట్ ఆపిస్తున్నా. పర్మిషన్ రావాలి. బాంబ్ స్క్వాడ్ లండన్ విమానం దగ్గర ఉంది, ఇటు తిప్పాలి. నువ్వు ముట్టుకోకు. ఇది ఆర్డర్."

"టైమర్ ఎంతసేపటికి పెట్టిండు?"

"లండన్ ఫ్లైట్ గాల్లోకి లేచి సముద్రం మీదికి పోయేసరికి. మనమే ఆ ఫ్లైట్‌ను లేట్ చేయించాం..."

అంటే టైమ్ అయిపోవచ్చింది. విమానం ఇంకా లేవలేదు గానీ టైమర్‌కు ఆ సంగతి ఎవరు చెప్తారు?

రఘుపతి పరుగెత్తాడు. పక్క హాలు, మూడో బండి. హైదరాబాద్ లగేజీ దూరం నుంచే తెలుస్తుంది. దుప్పటి మూటలు, అట్టపెట్టెలు, తాళ్ళు, మార్కర్ రాతలు, పెద్ద టీవీ ఒకటి. ఇంటికి పోయే రెండు వందల మంది ఏళ్ళన్నీ ఆ బండి మీదున్నాయి. వాళ్ళే ఇప్పుడు పైన బస్సెక్కుతున్నారు. అతను మూటలు విసిరేశాడు. ఒక లోడర్ అరిచాడు. అడుగున నీలం.

బ్యాగ్ మీద తెల్ల టేపు అంటించి రాశారు: కనకవ్వకు.

హ్యాండిల్ పట్టుకుని లాగాడు. రాలేదు.

వంగి చూశాడు. బైండింగ్ వైరు. సైట్‌లో ఇనుప చువ్వలు బిగించే నల్ల తీగ. 'హ్యాండిల్ లాగకు, విరుగుతుంది' అన్నాడు వజీర్. పెద్దులు మాట వినే మనిషి. తను లాగకపోయినా హైదరాబాద్‌లో ఎవడో లాగి విరగ్గొడతాడని, రెండు వరసలు చుట్టి, మెలిపెట్టి, కొన లోపలికి మడిచాడు. భూకంపం వచ్చినా ఊడని కట్టు. అతను కట్టిన స్లాబులన్నీ అందుకే నిలబడ్డాయి.

తీగ విప్పే కొక్కెం లేదు. పట్టకారు ఉంది గానీ బోర్డింగ్ గేటు దగ్గర కూర్చుని ఉంది. వేళ్ళు జారాయి, గోరు లేచిపోయింది. లోపల ఎక్కడో చిన్నగా టిక్కుమన్న చప్పుడు, తర్వాత సన్నని కూత మొదలైంది.

రఘుపతి మోకాళ్ళ మీద పడి తీగను నోట పట్టాడు. దవడ పంటితో కొన కొరికి, తల మొత్తం తిప్పాడు. ఎద్దు గడ్డి పీకినట్టు ఒక మెలి, రెండో మెలి. నోట్లో ఫట్‌మంది. నెత్తురు, ఇనుము రుచి. తీగ జారింది. రెండు చేతులా హ్యాండిల్‌ను పైకి లాగాడు.

కూత ఆగింది.

పైన సాజిదా చెవిలో కూడా అంతా ఆగింది. గరగర లేదు, ఊపిరి లేదు. "తాపీ? రఘూ? రఘూ!" ఆమె గేటు దగ్గర గట్టిగా కేక పెట్టింది. చీఫ్ అన్న సంగతి ఆ క్షణం మర్చిపోయింది. పెద్దులు ఆమె భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు.

కింద బ్యాగ్ తెరిచారు. పైన రెండు చొక్కాలు, ఇస్త్రీ చేసినవి. అరిగిపోయిన సేఫ్టీ బూట్లు. తలనొప్పి బామ్ సీసాలు. ఖర్జూరాల ప్యాకెట్టు. వాటి కింద మడతపెట్టిన మిలిటరీ ప్యాంటు, కొత్తది. పెద్దులు పెట్టాడు. దాని కింద, ఉత్త అడుగు అని అందరూ అనుకునే చోట, చావు.

కాఫీ షాపులో వజీర్‌ను కప్పు దించకముందే పట్టుకున్నారు. నడుముకున్న గుత్తి తీసి డ్రాయర్ తెరిచారు. ఉండాల్సిన పాస్‌పోర్టులన్నీ ఉన్నాయి, ఒక్క హుమాది తప్ప. ఆమె ఎలా తీసిందో, ఎప్పుడు దాటిందో ఎవరికీ తెలియదు. వారం తర్వాత ఆమె వీడియో ఒకటి వచ్చింది. వెనక అల విరిగి నీటి చుక్క కెమెరా మీద పడింది. పచ్చ గుడ్డ మీద ఆ చుక్క పడదు. ఇంజనీరు లండన్ చేరాడు. సాక్ష్యం చెప్పాడు. కోరల్ తీగలు ఒక్కొక్కటే తెగుతున్నాయి.

"షాబాష్," అంది సాజిదా క్లినిక్‌లో. "మిషన్ సక్సెస్. పన్ను విరగ్గొట్టినందుకు పైనుంచి మెమో వస్తుంది, పట్టించుకోకు."

రఘుపతి వాచిన దవడతో అడిగాడు. "నా అసలు పాస్‌పోర్టు ఏది అక్కా?"

"ఆఫీసులో. డ్రాయర్లో భద్రంగా..." ఆమె మాట మధ్యలోనే ఆగింది. డ్రిల్లింగ్ మిషన్ ఆన్‌లో లేదు.  ఆమె లేచి తాళం చెవి వెతకసాగింది.

పెద్దులు హైదరాబాద్ ఫ్లైట్‌కు బయల్దేరాడు. ఆరేళ్ళ తర్వాత పాస్‌పోర్టు చొక్కా జేబులో, గుండె మీద. ఆంజి సామాన్లు కొత్త అట్టపెట్టెలో, తాడుతో. గేటు దగ్గర ఆగి, సాగనంపడానికి వచ్చిన రఘుపతి వైపు తిరిగాడు.

"రఘూ, గక్కడ ఎయిర్‌పోర్టుకు ఎవరొస్తరు?"

"కనకవ్వ వస్తదే."

పెద్దులు జేబులో పాస్‌పోర్టు తడుముకుని నడిచాడు. ఆ ముసలి తల్లికి ఏం చెప్పాలో అతనికి ఏ హుమా నేర్పలేదు. దానికి టిప్స్ లేవు.

ఇక మీ వంతు. వజీర్ ఒక్కడు దొరికాడని కాళ్ళు చాపుకోకండి. వాడి డ్రాయర్ ఒక్కటే కాదు, ప్రతి కంపెనీలో ఉంది, ప్రతి క్యాంపులో ఉంది. తెరవండి. తాళం దొరకలేదంటే పగలగొట్టండి. ఎవరి పాస్‌పోర్టు వాళ్ళ చేతికివ్వండి, ఇవాళే, సంతకాలు తర్వాత. ఆంజి చావు మీద రాసిన రిపోర్టు చింపి మళ్ళీ రాయండి, ఈసారి 'చంపారు' అని. ఇంకొక్క మనిషిని విమానం ఎక్కించేముందు అతని మొదటి ప్రశ్నకు జవాబు చెప్పండి.

విచారణ కమిటీ వేస్తామంటారా? వేసుకోండి. వాళ్ళను ఎక్కడికైనా పంపుకోండి, కరీబియన్‌కే పంపండి. గుడ్ మార్నింగ్ చెప్పమనండి, ఆ చెట్టు కింద మాత్రం నిలబడొద్దనండి.

ఎయిర్‌పోర్టుకు మేమే వస్తాం.